బండి రంగు – యజమాని బాధ్యత



నేటి నా ప్రసంగ విషయము పాత మోటారుబండ్ల రంగు. ఈ మాట వినగానే మీలో కొందరు "చెప్పవలసిన ధర్మములు ఎన్నియో యుండగా ఈ పంతులు బండ్ల రంగులను పట్టుకొనెనేమి" అని నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు, కాని కొంత ఓపికతో వినుడు. ఒక వస్తువునకు అందఱి బండ్లకు లేని రంగు ఉన్నప్పుడు, ఆ రంగు దాని యజమానికి ఏమి మేలు చేయును, ఏమి భారము మోపును అనుటయే నేటి విచారము. ఇది మన యిండ్లలోని కొట్టములకును షెడ్లకును సంబంధించిన విషయమే.

రంగును బట్టి సొమ్మును గుర్తించుట మనకు క్రొత్త గాదు. రామారెడ్డి చుట్టుపట్ల ఏ పల్లెలోనైనను ఎద్దు తప్పిపోయినచో, వెదకుచు వచ్చిన వానిని ఎదుటివాడు మొదట అడుగునది దాని రంగునే. కర్రిదా, మైలదా, పుల్లదా, ముఖమున బొల్లి యున్నదా అని అడుగును. ఎత్తు, కొమ్ముల వంపు, సుడులు ఆ తరువాతి మాటలు. మందలో నలువది తెల్లని పశువులు ఉన్నచో మీ తెల్లయెద్దు దొరకుట కష్టము. ఒక్కటే పుల్లయెద్దు ఉన్నచో పదియేండ్ల బాలుడు సయితము వ్రేలు చూపి చెప్పగలడు. అయితే ఆ పుల్లయెద్దే పరుల చేను మేసినచో, "మాది కాదు" అని బొంకుటకును వీలులేదు. విశేషమైన రంగునకు ఈ రెండు ముఖములును గలవు. దొరకించునదియు అదియే, పట్టియిచ్చునదియు అదియే.

పురాణము వినిన మీకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. భారతమున అర్జునునికి శ్వేతవాహనుడని పేరు. తన రథమునకు తెల్లని గుఱ్ఱములు పూన్పబడి యుండుటచే ఆ పేరు వచ్చెనని విరాటపర్వమున ఆయనయే ఉత్తరకుమారునికి చెప్పెను. ద్రోణుని గుఱ్ఱములు ఎఱ్ఱనివి. ధృష్టద్యుమ్నుని గుఱ్ఱములు పావురపు వన్నెవి. ద్రోణపర్వమున సంజయుడు ధృతరాష్ట్రునికి వీరుల గుఱ్ఱముల రంగులను వరుసగా చెప్పుకొనిపోవును. చూపులేని రాజునకు రంగులు చెప్పుట యేల? ఆ కాలపు యుద్ధమున రథము రంగును, ధ్వజమును చూచియే వచ్చువాడు ఎవడో తెలిసికొనెడివారు. తెల్లగుఱ్ఱముల రథము ఎక్కినవాడు వెన్నుచూపి పాఱిపోయినచో లోకమంతయు చూచును. కావున ఆ రంగును ధరించుట అనగా దానికి తగినట్లు నడచుకొందునని ఒప్పుకొనుటయే.

ఇక మోటారుబండ్ల మాటకు వత్తము. మన తెలంగాణమున ఇందులకు కంటికెదురుగా ఒక గొప్ప నిదర్శనము గలదు. హైదరాబాదులో చౌమహల్లా మహలునకు పోయినవారు అచ్చట పసుపుపచ్చని పాత రోల్స్ రాయిస్ కారును చూచియుందురు. సిల్వర్ ఘోస్ట్ అను తరగతికి చెందిన ఆ కారును ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను 1911వ సంవత్సర ప్రాంతమున ఇంగ్లండునుండి తెప్పింప నాజ్ఞ యిచ్చెను. దాని పైభాగమును లండనులోని బార్కరు అను బండ్లతయారీవారు కట్టిరి. కారు వచ్చులోపుననే, 1911 ఆగష్టులో, మహబూబ్ అలీఖాను కాలధర్మము నొందెను. అది ఆయన కుమారుడగు ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖానునకు దక్కెను. వెనుక భాగమున సింహాసనము వంటి ఎత్తైన ఆసనము ఉండుటచే దానికి సింహాసనపు కారని పేరు వచ్చెను. ఉత్సవములకు తప్ప దానిని బయటకు తీసెడివారు కారు. అన్ని యేండ్లలోను అది నాలుగువందల మైళ్లయినను నడువలేదని చెప్పుదురు.

ఆ కారునకు పసుపు రంగే యేల? పసుపు ఆసఫ్‌జాహీల వంశపు వన్నె. వారి జెండా పసుపుపచ్చనిది. నడుమ గుండ్రని రొట్టె గుర్తు ఉండెడిది. మొదటి నిజాము దక్కనునకు వచ్చుటకు ముందు ఒక సూఫీ మహనీయుడు ఆయనకు పసుపు గుడ్డలో కుల్చా రొట్టెలు పెట్టెననియు, ఆయన ఏడు రొట్టెలు తినెననియు, ఏడు తరములు రాజ్యము నిలుచునని ఆ మహనీయుడు దీవించెననియు ఒక కథ గలదు. కథ నిజమో కాదో అట్లుండనిండు. ఆ పసుపు ప్రజలకు పరిచితము. వీధిలో ఆ రంగు బండి కదలినచో లోపలి వ్యక్తి ముఖము కనబడకున్నను రాజు వచ్చుచున్నాడని తెలియును.

1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసినది. జెండా దిగినది. పసుపునకు ఉన్న అధికారము తొలగినది. అయినను కారు మాత్రము పసుపుపచ్చగానే నిలిచియున్నది. ఒక్కసారి ఊహించి చూడుడు. ఆ కారునకు ఎవరైన తెల్లరంగు వేసియుండినచో నేడు అది యేమగును? యంత్రము అదియే, చక్రములు అవియే, బార్కరు కట్టిన పైభాగమును అదియే. కాని చూచువాడు "ఇది యొక పాత విలాయతీ కారు" అని దాటిపోవును. ఆ బండి ఎవరిదో, ఏ రాజ్యపుదో, ఏ కాలపుదో ఒక్క చూపులో చెప్పునది ఆ పసుపే. రంగు పోయినచో ఇనుము మిగులును, కథ పోవును. నేను నేడు చెప్పదలచిన ముఖ్యమైన మాట యిదియే.

అయితే మోటారుబండ్లకు మొదటినుండియు ఇన్ని రంగులు లేవు. అమెరికాలో హెన్రీ ఫోర్డు తన మోడల్ టీ కారును 1914 మొదలు 1925 వరకు నల్లరంగుతోనే అమ్మెను. ఒకే రంగు వాడినచో పని వేగముగా సాగును, ఖర్చు తగ్గును. ఆ కాలపు వార్నీషు రంగులు పూతపై పూత వేసి ఆరబెట్టుటకు వారములు పట్టెడివి. 1920 తరువాత డ్యుపాంటు కంపెనీవారు డ్యూకో అను క్రొత్త పూతను కనిపెట్టిరి. అది గంటలలో ఆఱును. పలు వన్నెలలో దొరకును. 1924వ సంవత్సరపు ఓక్లండు కార్లు ఆ పూతతో నీలిరంగున బయటకు వచ్చెను. మన పట్టణములలోని రంగుల మేస్త్రీలు నేటికిని బండికి రంగువేయుటను "డ్యూకో కొట్టుట" అనుచున్నారు. ఆ మాట పుట్టిన విధమిది.

డ్యూకో వచ్చిన నలువది యేండ్లకు అమెరికాలో మజిల్ కార్లు అను ఒక జాతి బయలుదేరినది. కండబలము గల కార్లని దాని అర్థము. నడితరపు బండిలో పెద్దబండి యంత్రమును బిగించి, యువకులకు అందుబాటు ధరలో అమ్ముటయే అందలి కిటుకు. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓతో ఆ వేడుక మొదలైనదని చెప్పుదురు. బలము చాలదన్నట్లు, 1970 ప్రాంతమున క్రైస్లరు సంస్థవారు తమ డాడ్జి, ప్లిమత్ బండ్లకు కన్నులు మిఱుమిట్లు గొలుపు రంగులు వేసి, వానికి విచిత్రమైన పేర్లు పెట్టిరి. ఊదారంగునకు ప్లమ్ క్రేజీ. పసుపునకు లెమన్ ట్విస్టు. నారింజ వన్నెకు గో మ్యాంగో. మామిడిపండు పేరు అమెరికా బండి రంగునకు ఎక్కినదని విన్నచో మీకు నవ్వు రాక మానదు.

ఆ బండ్ల కాలము చాల కొద్దిది. భీమా ఖర్చులు పెరిగినవి. పొగను అరికట్టు చట్టములు వచ్చినవి. 1973లో చమురు కఱవు వచ్చినది. యువకులు పెద్దవారైరి, పెండ్లిండ్లు అయినవి. ఊదారంగు బండిలో కార్యాలయమునకు పోవుటకు సిగ్గుపడి కొందరు మామూలు రంగులు వేయించుకొనిరి. నేడు అర్ధశతాబ్దము గడచిన పిమ్మట అదే ఊదారంగు బండికి జనము ఎగబడుచున్నారు. అచ్చటి కొనుగోలుదారు ఏమి చేయునో వినుడు. బానెటు ఎత్తి, లోపల బిగించిన చిన్న లోహపు రేకును చదువును. కర్మాగారమున ఆ బండికి వేసిన రంగు సంకేతము దానిపై అక్షరములతోను అంకెలతోను అచ్చుకొట్టబడియుండును. 1970లో ప్లమ్ క్రేజీకి ఎఫ్ సీ 7 అని గుర్తు. బండి పైన ఊదాగా నుండి రేకుపై వేఱొక గుర్తు ఉన్నచో అది పుట్టుకతో వచ్చిన రంగు గాదని తెలియును, ధర తగ్గును. కొన్ని బండ్లలో వెనుక సీటు స్ప్రింగుల నడుమ కర్మాగారపు పాత కాగితము దొరకును. దానిని జాతకము వలె దాచుకొందురు.

ఇంతదూరపు ముచ్చట మనకేల యనవచ్చును. మన ప్రాంతపు పిల్లలు అమెరికాలోను, దుబాయి మున్నగు గల్ఫు దేశములలోను ఉన్నారు. అట్టి బండ్లను వారు కన్నులార చూచుచున్నారు, చిత్రములు పంపుచున్నారు. సెలవులకు ఇంటికి వచ్చి తాతల పాతబండిని చూచినప్పుడు వారికి కలుగు ఉత్సాహము అచ్చటిదే. ఉత్సాహము మంచిదే. కాని డబ్బా తెఱచుటకు ముందు తెలిసికొనవలసిన విషయములు నాలుగు గలవు.

మొదటిది గుర్తింపు. అరుదైన రంగు బండి యజమానికి ఏకాంతము ఉండదు. తెల్లకారు కల్లు దుకాణము ముందు నిలిచినచో ఎవరిదో ఎవరికి తెలియును? మామిడిపండు వన్నె కారు నిలిచినచో సాయంకాలమునకు ఊరంతయు తెలియును. అట్లని ఇందులో మేలు లేకపోలేదు. దొంగ ఎత్తుకొనిపోయినను దాచుట కష్టము. దారిలో ఆగిపోయినను "ఇది ఫలానావారి బండి" అని సాయపడువారు వత్తురు. దూరమునుండి కనబడుట ప్రాణరక్షకము గూడను. 1939లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున సమావేశమైనవారు బడి బస్సులకు పసుపు రంగును నిర్ణయించిరి. తెల్లవారుజామున మసక వెలుతురులో ఆ పసుపుపై నల్లని అక్షరములు స్పష్టముగా కనబడుననుటయే కారణము. నేడు మన పల్లెలలో పిల్లలను ఎక్కించుకొనిపోవు బడి బస్సులును పసుపుపచ్చనివే గదా!

రెండవది ఎండ. మన వేసవి సంగతి మీకు తెలియనిది కాదు. నల్లని బండి ఎండను త్రాగును. తెల్లని బండి ఎండను త్రోసివేయును. ఎఱుపు ఎండలో వెలిసిపోవు స్వభావము గలది. పసుపు అడుగు పూతను బాగుగా కప్పజాలదు. కావున అడుగున తెల్లని పూత వేసి, పైని ఎక్కువ పూతలు వేయవలెను. పాతకాలపు బండ్లకు నేటి బండ్లవలె రంగుపై పారదర్శకమైన రక్షణపూత ఉండదు. మెఱుపు రావలెనని మాటిమాటికి పాలిషు పట్టినచో రంగే అరిగి గుడ్డకు అంటుకొనును. ఇంకొక చిక్కు గలదు. ఒక తలుపునకు దెబ్బ తగిలినచో, దుకాణమున సంకేతము చెప్పి అదే రంగు తెచ్చినను కలియదు. డబ్బాలోని రంగు నిన్నటిది. బండిమీది రంగు నలువది యెండలు కాగినది. సామాన్యమైన తెలుపులో ఈ తేడాను మేస్త్రి కొంతవఱకు సర్దగలడు. విశేషమైన రంగులో అతుకు దూరమునుండి కనబడును. కావున అరుదైన రంగు బండి గలవాడు మంచి మేస్త్రిని వెదకవలెను. నీడ గల షెడ్డు వేయవలెను. అందమైన రంగు అన్నము పెట్టదు. పనిని మాత్రము పెట్టును.

మూడవది చట్టము. బండి రిజిస్ట్రేషను పత్రమున యంత్రపు సంఖ్య, ఛాసిసు సంఖ్యలతో పాటు రంగు కూడ వ్రాయబడియుండును. రంగు మార్చినప్పుడు రవాణా కార్యాలయమునకు తెలిపి పత్రమున ఆ మార్పును ఎక్కించుకొనవలెను. లేనిచో తనిఖీలోను, అమ్మకములోను చిక్కులు వచ్చును. ఎద్దును కర్రిదని వ్రాయించి పుల్లదానిని తోలుకొనిపోయినట్లే యుండును. ఇంకొకటి. 1989వ సంవత్సరపు కేంద్ర మోటారువాహన నిబంధనల ప్రకారము రక్షణశాఖవారి బండ్లకు తప్ప మఱి యే బండికిని ఆలివ్ పచ్చ, అనగా సైన్యపు పచ్చరంగు, వేయరాదు. సైన్యమువారు వేలము వేసిన పాత జీపును కొన్నవాడు ఎంత ముచ్చటపడినను ఆ రంగును ఉంచుకొనరాదు. పుట్టుకతో వచ్చిన రంగును విడువక తప్పని సందర్భమిది. చూచినవారు అది సైన్యమని భ్రమపడకుండుటకే ఈ కట్టడి. రంగు మాటాడునని చట్టమునకును తెలియును.

ఏబది యేండ్లు నిండిన బండ్లను గూర్చి 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక నిబంధనలు చేసినది. పెద్ద మార్పులు లేక మొదటి రూపున నిలిచిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములను వింటేజి వాహనములుగా నమోదు చేయించుకొనవచ్చును. క్రొత్తగా నమోదునకు 20,000 రూపాయల రుసుము. అది పది సంవత్సరములు చెల్లును. పిమ్మట మరల నమోదునకు 5,000 రూపాయలు. సంఖ్యాఫలకముపై వీ ఏ అను అక్షరములు ఉండును. అట్టి బండిని నిత్యము రోడ్డుపై తిప్పరాదు, కిరాయికి నడుపరాదు. ప్రదర్శనములకును, పాతబండ్ల ఊరేగింపులకును, మరమ్మతునకును, నూనె పోయించుకొనుటకును బయటకు తీయవచ్చును. కావున పాతకారును పెండ్లిండ్లకు కిరాయి కిచ్చి సంపాదింపదలచినవాడు ఈ నిబంధనను ముందే తెలిసికొనుట మేలు.

నాలుగవది విలువ. ఇచ్చట విలువ అనగా కేవలము ధర గాదు. పాతబండి కొనువాడు క్రొత్తదనమును కొనడు, సత్యమును కొనును. మెఱయుచున్న అబద్ధపు రంగుకంటె వెలిసిన నిజమైన రంగునకు తెలిసినవారు ఎక్కువ గౌరవము ఇత్తురు. బండికి ఎన్నిసార్లయినను రంగు వేయవచ్చును; కర్మాగారమున వేసిన మొదటి పూత మాత్రము ఒక్కసారియే వచ్చును. దానిని గీకివేసిన పిమ్మట లక్ష రూపాయలు పోసినను తిరిగి రాదు.

ఇటీవల మన ప్రాంతమున ఒక యింట జరిగిన సంగతి చెప్పెదను. ఆ యింటి పెద్ద 1971లో ఒక అంబాసిడరు కారు కొనెను. అప్పుడు అంబాసిడరు అనగా తెలుపే. తెల్లకారు ఊరిలోనికి వచ్చినచో తహసీలుదారుగారో, అంతకు పైవారో వచ్చిరని జనము లేచి నిలువబడెడివారు. ఈయన కారు మాత్రము నారుమడి వన్నె లేతపచ్చనిది. ఆ పచ్చకారును చూచి ఎవరును భయపడి లేవలేదు, పిలుచుకొనుటకు లేచిరి. రాత్రివేళ పురుటినొప్పులు వచ్చిన స్త్రీలను, పాము కఱచినవారిని కామారెడ్డి ఆసుపత్రికి చేర్చినది ఆ కారే. పెద్దాయన గతించెను. కారు షెడ్డులో దుమ్ముపట్టి నిలిచెను. దుబాయినుండి వచ్చిన మనుమడు దానిని బాగుచేయించి, అమెరికా బండ్లవలె రక్తవర్ణము వేసి, బానెటుమీద రెండు నల్లని పట్టీలు దింపింప సంకల్పించెను. నా శిష్యుడగుటచే నన్ను చూడ వచ్చినప్పుడు ఈ మాట చెప్పెను.

"పంతులుగారూ, బండి మాదే గదా! మాకు నచ్చిన రంగు వేసికొంటే తప్పేమిటి?" అని అడిగెను.

"తప్పు లేదు నాయనా. పత్రమున ఎక్కించుకొన్నచో చట్టమును అడ్డురాదు. మీ నాయనమ్మను అడిగితివా?" అంటిని.

"ఆమెకు బండ్ల సంగతి ఏమి తెలుసు?" అని నవ్వెను.

ఇంటికి పోయి అడిగెను గాబోలు. ఆ ముసలమ్మ చెప్పిన మాటను మఱునాడు అతడే వచ్చి నాకు చెప్పెను. "మీ నాయన ఆ పచ్చబండిలనే పుట్టిండు బిడ్డా. దవాఖాన దాకా పోకముందే, తొవ్వలనే" అని మాత్రము ఆమె అన్నదట. వేయవద్దనలేదు, వేయుమనలేదు.

ఆ పిల్లవాడు కొన్ని దినములు ఊరకుండెను. పిమ్మట వెనుక డిక్కీ మూత లోపలివైపు తుడిచి చూచెను. ఎండ తగులని ఆ చోట లేతపచ్చ నిన్న వేసినట్లు నిగనిగలాడుచుండెను. తుప్పుపట్టిన తలుపుల అడుగుభాగములకు మాత్రము తుప్పు గీకించి, పుట్టీ పెట్టించి, ఆ డిక్కీ రంగును చూపి పచ్చ కలిపించి వేయించెను. ఎండకు వెలిసిన పైభాగమునకును క్రొత్తగా వేసిన అడుగుభాగమునకును వన్నె కలియలేదు. నేడును ఆ అతుకు కనబడుచున్నది. అతడు దానిని అట్లే ఉంచెను. పాతబండ్లు తెలిసినవాడెవడైన ఆ అతుకును చూచి మెచ్చుకొనునే గాని తప్పుపట్టడు. ఏది పాతదో, ఏది క్రొత్తదో దాపరికము లేకుండ తెలియుచున్నది గదా!

ఇందులో ఒక మాట న్యాయముగా చెప్పవలెను. బండి కథను కాపాడుట అందఱికిని సాధ్యము గాదు. ఆ బండిమీదనే బ్రతుకువాడు ఉన్నాడు. కూరగాయలు మోయువాడు, ప్రయాణికులను ఎక్కించుకొనువాడు తన పనికి తగిన రంగు వేసికొనవలసినదే. అతనికి తుప్పు శత్రువు. మంచి పూత అన్నము. వానిని పట్టుకొని "మొదటి రంగు మార్చరాదు" అనుట కడుపు నిండినవాని ధర్మోపన్యాసము. నేను చెప్పునది పనినుండి విరమించి షెడ్డులో నిలిచిన బండ్లను గూర్చి. వానికి ఇక మిగిలిన పని జ్ఞాపకము చెప్పుటయే. ఆ పనికి కావలసిన నోరు రంగే.

ఇప్పుడు మీవంటి పెద్దలు చేయదగినవి కొన్ని చెప్పి ముగించెదను. మీ యింట గాని, మీ బంధువుల యింట గాని ఏబది యేండ్ల నాటి కారో, జీపో, మోటారుసైకిలో, ట్రాక్టరో ఉన్నచో, రంగు వేయించుటకు ముందు మూడు చోట్ల చూడుడు. తలుపు రబ్బరు క్రింద, డిక్కీ మూత లోపల, సీటు అడుగున. ఎండయు చేతులును తగులని అచ్చట మొదటి రంగు దాగియుండును. పగటి వెలుతురున దానికి ఛాయాచిత్రము తీయింపుడు. రిజిస్ట్రేషను పత్రమున ఏ రంగు వ్రాసియున్నదో చదివింపుడు. తుప్పు ఉన్నచోట బాగుచేయింపుడు. తుప్పు లేనిచోట గీకనీయకుడు. మొత్తము మార్చక తప్పనిచో, ఒక మూల, కనబడని చోట, అరచేయంత మొదటి రంగును అట్లే విడువుడు. రాబోవు తరమువాడు ఎవడైన వెదకినచో వానికి దారి దొరకును.

అన్నిటికంటె ముఖ్యము, ఆ రంగు కథను మీరు బ్రతికియుండగనే చెప్పుడు. ఆ రంగు ఎవరు కోరిరి, ఏ యేట కొనిరి, ఆ బండిలో ఎవరు ఎచ్చటికి పోయిరి అను సంగతులను మనుమలచే వ్రాయింపుడు. చౌమహల్లాలోని పసుపు కారు కథను చెప్పుటకు చరిత్రకారులు ఉన్నారు. మన ఊరి పచ్చకారు కథను చెప్పుటకు మీరు తప్ప మఱి యెవరును లేరు. క్రొత్తబండి తెచ్చినప్పుడు పసుపుకుంకుమలు పెట్టి, చక్రము క్రింద నిమ్మకాయ త్రొక్కించి ఇంటిలోనికి చేర్చుకొందుము. ఆనాటినుండి అది యింటి మనిషి. ఇంటి మనిషిని పిలిచినట్లే దానిని ఊరు ఏ రంగు పేరుతో పిలిచెనో, ఆ పేరును దానికి మిగుల్చుట మన విధి.